టీవీ కొన్న నెలకే రేటు తగ్గింది. తేడా వెనక్కి ఇచ్చే క్రెడిట్ కార్డు ఏదైనా ఉందా?

కోర్లగుంట వాసి · సోమవారం, రాత్రి 9:12

నమస్కారం. మొన్న వినాయక చవితి నాడు, ఆగస్టు 27న, గాంధీ రోడ్డులో 55 అంగుళాల టీవీ కొన్నాను. రూ.51,200, క్రెడిట్ కార్డు మీద. పండగ పూట కొత్త వస్తువు ఇంట్లోకి రావాలని అమ్మ పట్టు. దసరాకు మా ఎదురింటివారు అదే షాపులో అదే మోడలు రూ.44,840కి తెచ్చుకున్నారు. ఆటో సందు మలుపు తిరగలేక పెట్టెను మా గేటు ముందే దించారు కూడా. నా భార్య ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

డాలస్‌లో ఉండే మా బావమరిదితో చెబితే, “నీ కార్డుకు ధర రక్షణ లేదా బావా? కొన్న రెండు నెలల్లో రేటు తగ్గితే తేడా కార్డువాళ్ళే ఇస్తారు కదా” అన్నాడు. అలాంటిది ఒకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మన దగ్గర ఈ సౌకర్యం ఉన్న కార్డు ఏది? ఏడాదికి రెండు మూడు వేలు ఫీజు అయినా ఫరవాలేదు. సంక్రాంతికి ఫ్రిజ్, ఎండాకాలానికి ఏసీ కొనే పని ఉంది. తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు.

రేణిగుంట జంక్షన్ · సోమవారం, రాత్రి 9:31

అన్నా, నా దగ్గర ఆరు కార్డులు ఉన్నాయి. అందులో రెండింటికి ఆ రక్షణ ఉంది. కార్డుతో వచ్చిన పుస్తకంలో చూశాను, కొన్న వస్తువుకు 90 రోజులు, లక్ష రూపాయల వరకు. పాయింట్లు కూడా బాగా పడతాయి. కావాలంటే కార్డు పేరు విడిగా పంపుతాను.

విశ్రాంత క్యాషియర్ · సోమవారం, రాత్రి 10:05

జంక్షన్ గారూ, ఆ పుస్తకం ఇంకోసారి తెరవండి. మీరు చెబుతున్నది కొనుగోలు రక్షణ అయి ఉంటుంది. కొన్న వస్తువు దొంగల పాలైతేనో, నిప్పంటుకుని కాలిపోతేనో ఇచ్చే బీమా అది. ధర రక్షణ వేరు. అందులో వస్తువు చెక్కుచెదరకుండా గోడకు వేలాడుతూనే ఉంటుంది, చెదిరేది మనసు ఒక్కటే.

మా ఇంట్లో నావీ పిల్లలవీ కలిపి నాలుగు కార్డులు ఉన్నాయి. ఇప్పుడే కళ్ళజోడు పెట్టుకుని నాలుగింటి నియమాలూ చదివాను. ఒక్కదానిలోనూ ధర తగ్గితే ఇస్తామన్న మాట లేదు. ఇంకో సంగతి. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే అన్న గుర్తు చూసి ఇలాంటివి ఉంటాయని అనుకోకండి. కార్డు ఇచ్చే బ్యాంకు ఆ రకం కార్డుకు బీమా సంస్థ దగ్గర ఆ పాలసీ కొని పెట్టిందా లేదా అన్నదే లెక్క. పాలసీ గడువు తీరాక బ్యాంకు కొనసాగించకపోతే, మీ చేతిలో అదే కార్డు ఉంటుంది, సౌకర్యం ఉండదు.

రేణిగుంట జంక్షన్ · సోమవారం, రాత్రి 10:22

చూశాను సార్. దొంగతనం, అగ్నిప్రమాదం అనే ఉంది. ‘ధర’ అన్న మాట ఎక్కడా లేదు. క్షమించాలి. ఇదే మాట చెప్పి ఇద్దరు స్నేహితులకు కార్డులు ఇప్పించాను, వాళ్ళు ఇక్కడికి రాకుండా ఉంటే చాలు.

తిరుచానూరు గృహిణి · సోమవారం, రాత్రి 10:48

పేరులో రక్షణ అని ఉంటే చాలు, మనం పడిపోతాం. రెండేళ్ళ క్రితం ఒక బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. “మేడమ్, మీ కార్డుకు రక్షణ పథకం చేర్చమంటారా” అని అడిగితే, పనిలో ఉండి “సరే” అన్నాను. తర్వాతి నెల స్టేట్‌మెంటులో రూ.1,800 పైన పడింది. అది కార్డు పోతే బ్లాక్ చేయించి పెట్టే పథకమట! కార్డు బ్లాక్ చేయడానికి బ్యాంకు యాప్‌లోనే మీట ఉంది, పైసా ఖర్చు లేదు. నెల రోజులు తిరిగితే గానీ ఆ డబ్బు వెనక్కి రాలేదు. కాబట్టి “ధర రక్షణ ఉంది మేడమ్” అని ఎవరైనా అంటే, ఆ మాట ఏ పేజీలో ఉందో పంపమనండి. ఫోనులో “సరే” అనకండి.

కట్టమంచి టు న్యూజెర్సీ · మంగళవారం, ఉదయం 6:20

మాకు ఇంకా సోమవారం రాత్రే. మాది చిత్తూరు, ఇక్కడికి వచ్చి పద్నాలుగేళ్ళయింది. బావమరిది గారు చెప్పింది అబద్ధం కాదు, కొంచెం పాతబడిన నిజం.

ఒకప్పుడు ఇక్కడ ఇది బాగా నడిచింది. సిటీ బ్యాంకు కార్డుకు ప్రైస్ రివైండ్ అని ఉండేది. కొన్న వస్తువును వాళ్ళ సైటులో నమోదు చేస్తే 60 రోజుల పాటు వాళ్ళే ఇంటర్నెట్‌లో ధరలు వెతికేవారు. తక్కువకు కనిపిస్తే తేడా ఇచ్చేవారు. ఒక్కో వస్తువుకు 200 డాలర్లు, ఏడాదికి 1,000 డాలర్లు హద్దు. చేజ్ బ్యాంకు వాళ్ళది 90 రోజులు, వస్తువుకు 500 డాలర్లు. నేను ఒక వాక్యూమ్ క్లీనర్ మీద 40 డాలర్లు, మా అబ్బాయి కారు సీటు మీద 25 డాలర్లు తెచ్చుకున్నాను. ఆ 25 డాలర్ల కోసం బిల్లు, కార్డు స్టేట్‌మెంటు, తేదీ కనిపించేలా ప్రకటన ఫొటో, అన్నీ జత చేసి పంపాను. మా ఆవిడ అప్పుడు నా గంట విలువ ఎంతో లెక్క కట్టి చెప్పింది. అది ఇక్కడ రాయను.

తర్వాత ఈమెయిలులో రశీదులు చదివి, మన తరఫున తామే క్లెయిములు వేసే ఎర్నీ లాంటి యాప్‌లు వచ్చాయి. నూటికి ఒకరు అడుగుతారన్న నమ్మకంతో పెట్టిన సౌకర్యం అది. అందరి తరఫునా యంత్రం అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? 2018లో చేజ్, డిస్కవర్ తీసేశాయి. సిటీ 2019 సెప్టెంబరు 22న ఆపేసింది. ఇప్పుడు అక్కడక్కడా కొన్ని కార్డులకు మిగిలి ఉంది, అంతే. మన దేశంలో అయితే సిటీ బ్యాంకు కార్డుల వ్యాపారమే 2023 మార్చిలో యాక్సిస్ చేతికి వెళ్ళింది కదా.

ఇక్కడి జనం ఇప్పుడు ఎక్కువగా షాపునే అడుగుతారు. కాస్ట్‌కో అనే పెద్ద షాపుల్లో కొన్న 30 రోజుల్లోపు వాళ్ళ దగ్గరే రేటు తగ్గితే తేడా ఇస్తారు. కార్డుతో పని లేదు.

తిరుమల బైపాస్ · మంగళవారం, ఉదయం 7:15

బంగారానికి కూడా వర్తిస్తుందా? అక్షయ తృతీయకు కొన్నాము.

విశ్రాంత క్యాషియర్ · మంగళవారం, ఉదయం 7:40

అక్షయ తృతీయ నుంచి బంగారం పెరిగిందే గానీ తగ్గలేదు. మీరే బ్యాంకుకు తేడా కట్టాల్సి వస్తుంది. హాస్యానికి అన్నాను. ఆ పాలసీలు ఉన్నచోట కూడా నగలు, వాహనాలు, పాత వస్తువులు, తినే సరుకులు లెక్కలోకి రావు.

సెల్ షాపు · మంగళవారం, ఉదయం 11:10

మాది టౌన్ క్లబ్ దగ్గర మొబైల్ షాపు. బేరాలు లేని సమయం కాబట్టి ఒక సంగతి చెబుతాను, మా వ్యాపారంలో వాళ్ళు బయట చెప్పరు.

ధర రక్షణ మన దేశంలో లేదనకండి. ఉంది. అది మీకు కాదు, మాకు. కంపెనీ ఒక ఫోను రేటు రెండు వేలు తగ్గించిందనుకోండి. ఆ రోజు ఉదయం మా అరలో ఆ మోడలు ఏడు పెట్టెలు ఉంటే, ఏడింటి ఐఎంఇఐ నంబర్లు, అంటే ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబర్లు, కంపెనీకి పంపుతాం. పెట్టెకు రెండు వేల చొప్పున మా ఖాతాలో జమ చేసినట్టు క్రెడిట్ నోట్ అనే కాగితం వస్తుంది. దీన్ని మేము ప్రైస్ డ్రాప్ అంటాం. ఆ భరోసా లేకపోతే ఏ డీలరూ సరుకు దించుకోడు. నిన్న సాయంత్రం కొని వెళ్ళిన మనిషికి మాత్రం ఏమీ లేదు. కొత్త రేటు ఎప్పుడు వస్తుందో మాకు ముందు తెలుసా అంటే, చాలాసార్లు తెలియదు. పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. కొన్నిసార్లు కంపెనీ మనిషి “ఈ వారం ఎక్కువ దించుకోకండి” అంటాడు. అప్పుడు అర్థమవుతుంది.

కాబట్టి నా సలహా ఒకటే. కొనేటప్పుడు షాపువాడిని, “ఈ మోడలు మీ దగ్గర ఎంత స్టాకు ఉంది?” అని అడగండి. నిన్నటి దాకా పది ఉండి ఈ రోజు “ఒక్కటే ఉంది, కొత్తది తెప్పించం” అంటే, ఆ మోడలు పోతోందని అర్థం. బేరం చేయండి, లేదా రెండు వారాలు ఆగండి.

రేణిగుంట జంక్షన్ · మంగళవారం, ఉదయం 11:18

అన్నా, ఇది ముందే చెప్పి ఉంటే నేను జూలైలో ఫోను కొనేవాడినే కాదు.

సెల్ షాపు · మంగళవారం, ఉదయం 11:20

జూలైలో మీరు నా దగ్గర కొని ఉంటే చెప్పేవాడిని కాదు.

జీఎస్టీ గుమస్తా · మంగళవారం, సాయంత్రం 6:55

కోర్లగుంట గారూ, అందరూ కార్డు గురించి మాట్లాడుతున్నారు గానీ మీ రెండు బిల్లులూ ఎవరూ చూడలేదు. ఎదురింటివారి బిల్లు దొరికితే, రెండింటిలోనూ పన్నుకు ముందు విలువ ఎంతో, పన్ను ఎంతో పెడతారా? పేర్లు చెరిపేయండి.

కోర్లగుంట వాసి · మంగళవారం, రాత్రి 8:30

అడగడానికి మొహమాటపడ్డాను. వాళ్ళే ఉత్సాహంగా ఇచ్చారు, కాఫీ కూడా ఇచ్చారు. నా బిల్లు: విలువ 40,000, పన్ను 28 శాతం 11,200, మొత్తం 51,200. వాళ్ళది: విలువ 38,000, పన్ను 18 శాతం 6,840, మొత్తం 44,840.

జీఎస్టీ గుమస్తా · మంగళవారం, రాత్రి 9:02

అనుకున్నదే. తేడా రూ.6,360. అందులో షాపువాళ్ళు తగ్గించింది రూ.2,000 మాత్రమే. మిగతా రూ.4,360 పన్ను. 32 అంగుళాలు దాటిన టీవీలకు, ఏసీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మీరు దానికి 26 రోజుల ముందు కొన్నారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ దగ్గర అమెరికా వాళ్ళ ధర రక్షణ కార్డే ఉందనుకోండి. న్యూజెర్సీ గారు సరిచేయాలి, అక్కడ కూడా సాధారణంగా పన్ను, రవాణా ఖర్చు తీసేసి వస్తువు ధరలోని తేడానే ఇస్తారు కదా? అంటే మీకు వచ్చేది మహా అయితే ఆ రెండు వేలు. మూడు వేలు ఏడాది ఫీజు కట్టి, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.540 కట్టి, రెండు వేలు తెచ్చుకున్నట్టు.

కట్టమంచి టు న్యూజెర్సీ · మంగళవారం, రాత్రి 9:40

సరిగ్గా చెప్పారు, పన్ను కలపరు. మోడలు నంబరు కూడా అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆన్‌లైన్‌కు ఒక మోడలు, షోరూముకు ఒక మోడలు అని చివర ఒక అక్షరం మార్చి అమ్ముతారు చూడండి, ఆ ఒక్క అక్షరంతోనే నా క్లెయిము ఒకటి తిరస్కరించారు. సిటీ ఆపేసింది కూడా సెప్టెంబరు 22నే అని ఇప్పుడు గమనించాను. ఆ తేదీకి టీవీలంటే పడదేమో.

[నిర్వాహకులు: ఇక్కడ ఉన్న సందేశాన్ని తొలగించాం. “జీవితకాల ధర రక్షణ కార్డు, ఆధార్, ఓటీపీ పంపండి” అని ఎవరు రాసినా నమ్మవద్దు. అలా విడిగా సందేశం వచ్చినవారు మాకు చెప్పండి.]

కోర్లగుంట వాసి · మంగళవారం, రాత్రి 10:15

ఆ సందేశం నాకు విడిగా కూడా వచ్చింది. బాధలో ఉన్నవాడి వాసన పట్టేస్తారేమో వీళ్ళు.

గుమస్తా గారూ, ఆ పన్ను తేడా అయినా షాపువాళ్ళు ఇవ్వాలి కదా? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయనా?

జీఎస్టీ గుమస్తా · బుధవారం, ఉదయం 8:10

చేయవచ్చు గానీ లాభం లేదు. సెప్టెంబరు 22 తర్వాత కూడా మీ దగ్గర 28 శాతం తీసుకుని ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయమని నేనే చెప్పేవాణ్ణి. మీ బిల్లు ఆగస్టు 27ది. ఆ రోజు పన్ను 28, వాళ్ళు కట్టింది 28. టీవీ పాడై వెనక్కి తీసుకుని ఉంటే పాత బిల్లుకు క్రెడిట్ నోట్ రాసి కొత్త బిల్లు కొత్త పన్నుతో ఇచ్చేవారు. బాగున్న టీవీకి అది కుదరదు.

ఒక ఉపయోగపడే మాట. ఫ్రిజ్‌కు ఈ మార్పుకు ముందు కూడా 18 శాతమే, దానిలో మార్పు లేదు. సంక్రాంతి దాకా ఆగితే పన్ను తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏసీ మాత్రం ఇప్పుడు 18లోకి వచ్చింది. జూలైలో రూ.40,000 ఉన్న ఏసీ, షాపువాళ్ళు తమ ధర పైసా తగ్గించకపోయినా, ఇప్పుడు రూ.36,875 కావాలి. ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

తోతాపురి · బుధవారం, మధ్యాహ్నం 1:30

మాది చిత్తూరు దగ్గర పల్లె, మామిడి తోట. మాకు డబ్బు కనిపించేది కాయ ఫ్యాక్టరీకి తోలాక. అది కూడా ఒక్కోసారి నెలల తర్వాత. అందుకే పెద్ద వస్తువు ఏదైనా ఆషాఢం తగ్గింపుల్లో కార్డు మీద తీసుకుని, ఫ్యాక్టరీ డబ్బు వచ్చాక కడదామనుకుంటాం. ఒక ఏడాది అలా రూ.45,000 ఫ్రిజ్ తీసుకున్నాను. తక్కువకు కొన్నానని వారం రోజులు ఊళ్ళో చెప్పుకున్నాను. కాయ డబ్బు రాలేదు. ‘కనీస బకాయి’ అని చిన్న అంకె ఉంటే అదే కట్టాను. నెలకు 3.5 శాతం వడ్డీ అంటే 45 వేల మీద రూ.1,575, దాని మీద జీఎస్టీ రూ.283. కనీస బకాయి కట్టినంత కాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవని మూడో నెలలో తెలిసింది. పెట్రోలు పోయించుకున్నా ఆ రోజునుంచే వడ్డీ.

కోర్లగుంట గారికి నష్టం 6,360 ఒకేసారి వచ్చి ఆగిపోయింది. నాది నాలుగు నెలలు నడిచింది. ధర రక్షణ ఉన్న కార్డు వెతికేముందు, ఆ కార్డు బిల్లు మొత్తం ప్రతి నెలా కట్టగలమా అని చూసుకోండి.

విశ్రాంత క్యాషియర్ · బుధవారం, సాయంత్రం 5:05

తోతాపురి గారు చెప్పినదాన్ని కౌంటర్ దగ్గర రోజుకు పదిసార్లు చెప్పాలనిపించేది. చెబితే మేనేజరు ఊరుకునేవాడు కాదు.

కోర్లగుంట గారూ, మీ అసలు ప్రశ్నకు నా జవాబు. ధర రక్షణ కోసం కొత్త కార్డు తీసుకోకండి. ఫ్రిజ్‌కు కావలసింది ఆ రోజున ఆ షాపులో ఏ బ్యాంకు కార్డుకు తగ్గింపు ఉందో అది. షాపులో సేల్స్ అబ్బాయిని అడిగితే చెబుతాడు. గరిష్ఠ తగ్గింపు ఎంత, ఈఎంఐకే వర్తిస్తుందా, మొత్తం ఒకేసారి కట్టినా వస్తుందా అన్నది అడగండి. ‘వడ్డీ లేని ఈఎంఐ’ అన్నా వడ్డీ ఉంటుంది, దాన్ని ధరలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం మీ నెత్తినే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు కూడా.

ఏదైనా కార్డు తీసుకుని నచ్చకపోతే భయపడకండి. బకాయి లేకుండా మూసేయమని రాతపూర్వకంగా అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 మీకే ఇవ్వాలని 2022 నుంచి రిజర్వు బ్యాంకు నియమాల్లో ఉంది. ఈ ఒక్క వాక్యం రాసి మెయిలు పెడితే కస్టమర్ కేర్ వాళ్ళ గొంతు మారడం నేను చూశాను.

తిరుచానూరు గృహిణి · బుధవారం, రాత్రి 9:20

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చేసి తక్కువ రేటుకు మళ్ళీ కొనుక్కోవచ్చు కదా? చీరలకు నేను అదే చేస్తాను.

సెల్ షాపు · బుధవారం, రాత్రి 9:45

చీరలకు సరే అమ్మా. టీవీలు, ఫ్రిజ్‌లు, ఫోన్లకు చాలావరకు లోపం ఉంటేనే మార్పిడి, రేటు తగ్గిందని తీసుకోరు. సరుకు ఇంకా బయలుదేరకముందే రేటు తగ్గితే మాత్రం ఆర్డరు రద్దు చేసి కొత్తగా పెట్టండి. అప్పుడైనా పాత ఆర్డరుకు వచ్చిన కార్డు తగ్గింపు కొత్త ఆర్డరుకు వస్తుందో లేదో చూసుకోండి. కొన్ని ఆఫర్లు కార్డుకు ఒక్కసారే.

కోర్లగుంట వాసి · శనివారం, రాత్రి 8:50

ఈ రోజు షాపుకు వెళ్ళాను. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి, గుమస్తా గారు చెప్పినట్టు పన్ను జోలికి పోకుండా ఆ 2,000 గురించి మాత్రమే అడిగాను. అక్కడి ఆయన మొదట “పండగ రేటండీ” అన్నారు. “నాది కూడా పండగే, వినాయక చవితి” అన్నాను. కాసేపు ఆలోచించారు. లోపలికి వెళ్ళి ఫోనులో మాట్లాడి వచ్చి, డబ్బు ఇవ్వడం కుదరదు గానీ, సంక్రాంతికి ఫ్రిజ్ ఇక్కడే కొంటే ఆ రోజు ఉండే రేటులో వెయ్యి తగ్గిస్తామన్నారు. నోటి మాట వద్దన్నాను. నా పాత బిల్లు వెనకాల ఆయన చేత్తోనే రాసి, షాపు ముద్ర వేసి ఇచ్చారు. తేదీ వేయడం మరిచిపోతే అది కూడా వేయించాను.

సెల్ షాపు గారూ, సంక్రాంతికి ఫ్రిజ్ స్టాకు ఎన్ని ఉన్నాయని అడిగి మరీ కొంటాను. కార్డు ఆలోచన మానుకున్నాను, ఉన్నది చాలు.

విశ్రాంత క్యాషియర్ · శనివారం, రాత్రి 9:15

ముద్ర వేయించుకున్నారు, బాగుంది. ఆ కాగితం రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. కార్డు చీటీ కూడా. వేడితో ముద్రించే ఆ కాగితం మీద అక్షరాలు సంక్రాంతి దాకా ఉండవు.

కోర్లగుంట వాసి · శనివారం, రాత్రి 9:32

తీశాను సార్. అసలుది అమ్మ పంచాంగంలో, సంక్రాంతి ఉన్న పేజీలో పెట్టింది. ఎదురింటావిడ ఇప్పుడే వచ్చి, మీకు వెయ్యి తగ్గింపు ఇచ్చారట కదా, మేమూ ఫ్రిజ్ కొందామనుకుంటున్నాం, ఆ కాగితం ఒకసారి ఇస్తారా అని అడిగి వెళ్ళింది. నా భార్య ఈసారి మాట్లాడింది.